జాలపాదాలు

ఊరి చెరువులో ఈదే బాతును గట్టుమీద నిలబడి చూడండి. రెక్క కదలదు, మెడ కదలదు. ఎవరో దారం కట్టి లాగుతున్నట్లు ఆ పక్షి నీటిమీద జారిపోతూ ఉంటుంది. పని అంతా నీటి క్రింద జరుగుతున్నది. అక్కడ రెండు పాదాలు ఒకదాని తరువాత ఒకటి విప్పారి వెనుకకు తోస్తూ, ముడుచుకొని ముందుకు వస్తూ ఉంటవి. అదే బాతు గట్టెక్కి నడవడం మొదలుపెట్టగానే పిల్లలకు నవ్వు వస్తుంది. నీటిలో అంత హుందాగా సాగిన పక్షి నేలమీద అటూ ఇటూ ఊగుతూ అడుగులు వేస్తుంది. ఆ హుందాతనానికీ, ఈ అవస్థకూ కూడా కారణం దాని కాళ్లలోనే ఉన్నది. కాళ్లు శరీరానికి వెనుకగా, ఎడంగా అమరి ఉన్నవి. ముందరి మూడు వ్రేళ్లను కలుపుతూ ఒక పలుచని చర్మపు పొర ఉన్నది.

ఈ పొరను మన పూర్వులు బాగా గమనించినారు. వలవంటి పాదాలు కలవి కనుక ఇటువంటి పక్షులను సంస్కృతంలో 'జాలపాదములు' అన్నారు. మనుస్మృతిలో ఆహార నియమాలు చెప్పేచోట ఈ మాట వస్తుంది. ముక్కుతో పొడిచి తినేవి ప్రతుదములు, కాళ్లతో గీరి తినేవి విష్కిరములు, వల పాదాలవి జాలపాదములు. పక్షి కాలిని, అది తినే తీరును చూచి దానిని ఒక తెగలో చేర్చడం ఎంత పాత పద్ధతో దీనివల్ల తెలుస్తుంది. బౌద్ధ గ్రంథాలలో మహాపురుషుని లక్షణాలుగా చెప్పిన 32 గుర్తులలో వ్రేళ్ల మధ్య వలవంటి పొర ఉండడం కూడా ఒకటి.

ఈ పొర ఎందుకు పనికివస్తుందో చెప్పడం తేలిక. అది ఎట్లా వచ్చినదో చెప్పడం అంత తేలిక కాదు. ఆ రెండవ ప్రశ్నకు జవాబు చెరువులో దొరకలేదు, కోడిగ్రుడ్డులో దొరికినది. ఆ జవాబు బాతుకే కాక మన చేతులకూ సంబంధించినది. ముందు పొర చేసే పని చూచి, తరువాత దాని పుట్టుక సంగతికి వద్దాం.

పొర చేసే పని

ఒక చిన్న ప్రయోగం చేయవచ్చు. పెద్ద తొట్టిలో నీరు నింపి, వ్రేళ్లు బాగా ఎడంగా చాచి అరచేతిని నీటిలో అడ్డంగా లాగండి. తరువాత అదే చేతికి ఒక పలుచని సంచి తొడిగి, మణికట్టు దగ్గర బిగించి, వ్రేళ్లు అట్లాగే చాచి మళ్లీ లాగండి. ఈసారి నీరు చాలా ఎక్కువగా ఎదిరిస్తుంది. మొదటిసారి వ్రేళ్ల సందుల్లోనుంచి జారిపోయిన నీటిని రెండవసారి సంచి పట్టి ఆపినది. బాతు పాదంలో పొర చేసే పని ఇదే.

నీటిని మనం వెనుకకు తోస్తే నీరు మనలను ముందుకు తోస్తుంది. ఇది న్యూటన్ చెప్పిన మూడవ సూత్రం. నీటిలో అడ్డంగా కదిలే పలకమీద కలిగే ఒత్తిడి దాని వైశాల్యాన్నిబట్టి, వేగపు వర్గాన్నిబట్టి పెరుగుతుంది. వైశాల్యం రెండింతలైతే ఒత్తిడి రెండింతలు. వేగం రెండింతలైతే నాలుగింతలు. అట్లా అయితే చిన్న పాదాన్నే మరింత వేగంగా ఆడిస్తే సరిపోదా అని ఎవరైనా అడగవచ్చు. సరిపోతుంది, కాని ఖర్చు ఎక్కువ అవుతుంది.

ఖర్చు లెక్క చూద్దాం. 1 కిలోగ్రాము నీటిని సెకనుకు 2 మీటర్ల వేగంతో వెనుకకు తోసినా, 2 కిలోగ్రాముల నీటిని సెకనుకు 1 మీటరు వేగంతో తోసినా ద్రవ్యవేగం ఒక్కటే. కనుక పక్షికి కలిగే ముందడుగు కూడా ఒక్కటే. కాని నీటికి అప్పగించిన శక్తి ఒక్కటి కాదు. గతిశక్తి ద్రవ్యరాశిలో సగాన్ని వేగపు వర్గంతో గుణించగా వస్తుంది. మొదటి పద్ధతిలో 2 జౌళ్లు, రెండవ పద్ధతిలో 1 జౌలు. కొద్ది నీటిని గబగబా తోయడంకంటె ఎక్కువ నీటిని నిదానంగా తోయడం లాభం అన్నమాట. పడవవాడు కర్రతో కాక వెడల్పాటి తెడ్డుతో నీటిని త్రోయడానికి కారణం ఇదే. బాతు పాదం కూడా ఒక తెడ్డే.

అయితే తెడ్డుకు ఒక చిక్కు ఉన్నది. వెనుకకు తోసినప్పుడు ఎంత మేలు చేస్తుందో, ముందుకు తెచ్చేటప్పుడు అంత కీడు చేస్తుంది. పడవవాడు తెడ్డును నీటిలోనుంచి పైకి ఎత్తి ముందుకు తెచ్చుకుంటాడు. బాతుకు ఆ అవకాశం లేదు. అందుకని అది వ్రేళ్లను దగ్గరగా ముడుస్తుంది. పొర గొడుగు గుడ్డవలె మడతలు పడి, పాదం సన్నని కట్టవలె అయి, పెద్దగా అడ్డు లేకుండా ముందుకు వస్తుంది. కనుక జాలపాదంలో పొర ఎంత ముఖ్యమో, ఆ పొరను క్షణంలో ముడువగలగడం అంత ముఖ్యం.

పాదాలలో రకాలు

నీటిపక్షులన్నిటికీ ఒకే రకం పాదం ఉంటుందని అనుకోరాదు. బాతు, హంస, సముద్రతీరాన తిరిగే గల్ పక్షి, వీటికి ముందరి మూడు వ్రేళ్లు మాత్రమే పొరతో కలిసి ఉంటవి. వెనుకటి వ్రేలు చిన్నది, విడిగా ఉంటుంది. బాతుల్లోనే తల మాత్రం ముంచి పైపైన మేసేవి కొన్ని, పూర్తిగా మునిగి మేత వెదికేవి కొన్ని ఉన్నవి. మునిగే జాతులలో ఆ వెనుకటి వ్రేలికి కూడా చిన్న చర్మపు రెక్క ఒకటి ఉంటుంది. ఈ గుర్తును పట్టి పాదం చూడగానే ఆ బాతు మేసే తీరు చెప్పవచ్చు.

గూడబాతు, నీటికాకి, పాము మెడవంటి మెడ ఉన్న డార్టర్ పక్షి, వీటికి నాలుగు వ్రేళ్లూ కలిసి ఉంటవి. వెనుకటి వ్రేలు ప్రక్కకు తిరిగి, దానికీ లోపలి వ్రేలికీ మధ్య కూడా పొర సాగి ఉంటుంది. నెల్లూరు సీమలో నేలపట్టు చెరువులో నీటిలో నిలిచిన చెట్లమీద గూళ్లు కట్టే గూడబాతుల పాదం ఇటువంటిదే. అంత వెడల్పాటి పాదంతో, అంత బరువైన శరీరంతో అవి కొమ్మలమీద నిలబడడం చూడదగిన వింత.

మూడవ రకం ఇంకా విచిత్రమైనది. చెరువుల్లో మందలు మందలుగా కనబడే బొల్లికోడికి శరీరమంతా నలుపు, నుదుట తెల్లని బిళ్ల. దాని వ్రేళ్లు ఒకదానితో ఒకటి కలిసి లేవు. ప్రతి వ్రేలికీ రెండు ప్రక్కలా చర్మపు రెక్కలు మాత్రం ఉన్నవి. అది కాలిని వెనుకకు తోసినప్పుడు ఆ రెక్కలు విప్పారుతవి. ముందుకు తెచ్చినప్పుడు ముడుచుకుంటవి. మునుగుడుకోడి వ్రేళ్లకు కూడా ఇటువంటి రెక్కలే ఉన్నవి.

చివరిగా, అసలు పొరే లేని నీటిపక్షులు ఉన్నవి. నుదుట ఎర్రని బిళ్ల ఉన్న జంబుకోడికి పొరా లేదు, చెప్పుకోదగిన రెక్కలూ లేవు. అయినా చక్కగా ఈదుతుంది. తామరాకులమీద నడిచే జకానా పక్షికి వ్రేళ్లు మితిమీరిన పొడవు. దాని బరువు అంత పొడవునా పంచబడడంవల్ల ఆకు మునగదు. హిమాలయాల వాగుల్లో వేగంగా పారే నీటిలోకి దూకి, అడుగున పురుగులను ఏరుకొని వచ్చే డిప్పర్ అనే చిన్న పక్షికి మామూలు పిట్ట కాళ్లే ఉన్నవి.

తెడ్డు మాత్రమేనా?

జాలపాదం తెడ్డువలె పనిచేస్తుందని చెప్పుకున్నాం. ఈదే పక్షులన్నిటి విషయంలో అది పూర్తి నిజం కాదని స్వీడన్ దేశపు శాస్త్రజ్ఞులు యోహాన్సన్, నోర్బెర్గ్ చూపినారు. నీటిలో మునిగి ఈదే నీటికాకి పాదం విప్పారినప్పుడు త్రికోణంగా ఉంటుంది. కొన్ని వేగవంతమైన విమానాల రెక్క ఆకారం కూడా ఇదే. ఆ పాదం నీటిని తోయడమే కాక, విమానపు రెక్క గాలిలో ఎత్తుడు బలం పుట్టించినట్లు నీటిలో బలం పుట్టించి, ఆ బలంతో పక్షిని ముందుకు నెడుతుందని వారు 2003లో ప్రకటించినారు. అంతకుముందు 2000లో వారే మునుగుడుకోడి జాతి పక్షుల పాదాన్ని పరిశీలించినారు. దాని వ్రేళ్ల రెక్కలు రెండు ప్రక్కలా సమానంగా లేవు. ఒక ప్రక్క వెడల్పు, ఒక ప్రక్క సన్నం. ఒక్కొక్క వ్రేలూ ఒక్కొక్క చిన్న రెక్కవలె పనిచేస్తూ, వాటి మధ్య సందులు కూడా ఉపయోగపడుతున్నవని తేలినది. పొర సగంలో ఆగిపోయినట్లు కనబడే ఆ పాదం నిజానికి మరొక రకపు పూర్తి పనిముట్టు.

నీటిలో లాభం, నేలమీద నష్టం

ఏ పనిముట్టయినా ఒక పనికి ఎంత బాగా కుదిరితే మరొక పనికి అంత తక్కువ పనికివస్తుంది. మునిగి ఈదే పక్షికి కాళ్లు శరీరపు చివర ఉంటే మంచిది. ఓడకు చోదకచక్రం వెనుక ఉన్నట్లే ఇదీనూ. మునుగుడుకోడికి కాళ్లు దాదాపు తోక దగ్గర ఉన్నవి. కాలి ఎముక కూడా నీటిని కోసుకుపోయేట్లు రెండు ప్రక్కలా అణగి కత్తివలె ఉంటుంది. దీని ఫలితం ఏమిటంటే నీటిలో చేపతో పోటీపడే ఈ పక్షి నేలమీద సరిగా నాలుగడుగులు వేయలేదు. అందుకనే గూడు కూడా గట్టుమీద కట్టదు. నీటిమీద తేలే నాచు, రెల్లు పోగుచేసి దానిపైనే గ్రుడ్లు పెడుతుంది. నీరు ఇంకిపోయిన చెరువు దానికి ఇల్లు కాదు, ఆపద.

బాతు మధ్యమార్గం ఎన్నుకొన్నది. కాళ్లు కొంత వెనుకకు జరిగినవి కాని పూర్తిగా కాదు. అందువల్ల ఊగుతూ అయినా నడుస్తుంది. వరి కోసిన పొలాల్లో రాలిన గింజలు, నత్తలు తినిపించడానికి కాపరులు బాతుల మందలను ఊరినుంచి ఊరికి తోలుకొనిపోగలుగుతున్నారంటే అది ఈ మధ్యమార్గం చలువే. మునుగుడుకోళ్ల మందను ఎవరూ అట్లా తోలలేరు.

చలి, వేడి, గ్రుడ్డు

పలుచని పొర, దానినిండా రక్తనాళాలు, పైన ఈకలు లేవు. అటువంటి పాదాన్ని మంచువంటి నీటిలో గంటల తరబడి ఉంచితే శరీరంలోని వేడి అంతా నీటిపాలు కావలె. చలిదేశపు బాతులకు అట్లా జరగడంలేదు. వాటి కాళ్లలో పాదానికి పోయే ధమనులు, పాదంనుంచి వచ్చే సిరలు ఒకదానికొకటి ఆనుకొని ఉంటవి. క్రిందికి పోయే వెచ్చని రక్తం తన వేడిని పైకి వచ్చే చల్లని రక్తానికి ఇచ్చివేస్తుంది. పాదానికి చేరేసరికి అది చల్లబడి ఉంటుంది కనుక నీరు దోచుకునే వేడి స్వల్పం. ఎండకాలంలో పాదానికి రక్తం ఎక్కువగా పంపి, ఒంటి వేడిని ఆ పొరద్వారానే వదిలించుకుంటుంది.

ఈ పొర కొన్ని పక్షులకు పొదుగుడు పరుపు కూడా. కోడి గ్రుడ్లను పొదిగేటప్పుడు దాని పొట్టమీద ఈకలు రాలి, వెచ్చని చర్మం గ్రుడ్డుకు తగులుతుంది. గూడబాతులు ఆ పద్ధతిని అనుసరించవు. వెడల్పాటి పాదాలనే గ్రుడ్లకు తాకించి వాటి వేడితో పొదుగుతవి.

ఈ అలవాటు ఒకప్పుడు ఒక జాతి ప్రాణంమీదికి తెచ్చినది. అమెరికా పడమటి తీరాన గోధుమరంగు గూడబాతులు గ్రుడ్లమీద పాదాలు ఆనించి నిలబడి పొదుగుతవి. కర్మాగారాలనుంచి, పొలాలనుంచి సముద్రంలో చేరిన డి.డి.టి. చేపలలోకి, చేపలనుంచి ఆ పక్షులలోకి ఎక్కినది. దాని ప్రభావంవల్ల గ్రుడ్డు పెంకులో సున్నం తగ్గి పెంకు పలుచబడినది. తల్లి పాదం మోపగానే గ్రుడ్డు చితికిపోయేది. కాలిఫోర్నియా తీరంలో అనకాపా దీవిలో 1970లో 552 గూళ్లలో బ్రతికి బయటపడిన పిల్ల ఒకే ఒకటి. అమెరికాలో 1972లో డి.డి.టి. వాడకాన్ని నిషేధించినారు. తరువాత ఆ పక్షులు మెల్లమెల్లగా కోలుకున్నవి. 2009లో వాటిని ఆ దేశపు ఆపన్నజాతుల పట్టికనుంచి తొలగించినారు. లక్షల ఏళ్లుగా గ్రుడ్లను కాపాడిన పాదమే, పెంకు బలం తగ్గగానే వాటిని చితకగొట్టినది. ప్రకృతిలో ఒక్క మేకు కదిలితే ఎక్కడి దూలం కూలుతుందో ముందుగా చెప్పడం కష్టం.

పక్షులే కాదు

వ్రేళ్ల మధ్య పొర పక్షుల సొత్తు కాదు. వానకాలంలో గుంటల్లో అరిచే కప్ప వెనుక కాళ్లు చూడండి. పొడవాటి అయిదు వ్రేళ్ల మధ్య పొర స్పష్టంగా కనబడుతుంది. మంచినీటి తాబేళ్లకు పొర ఉన్నది. మెట్టనేలలో తిరిగే నక్షత్ర తాబేలుకు పొర లేదు. దాని కాలు రోకలివలె ఉంటుంది. సముద్రపు తాబేలు ముంగాలిలో వ్రేళ్లన్నీ చర్మంలోనే కప్పబడి కాలు పూర్తిగా తెడ్డుగా మారిపోయినది. గోదావరి ముఖద్వారాన కోరంగి మడ అడవుల్లో చేపలు పట్టే నీటికుక్కకు నాలుగు పాదాలకూ పొర ఉన్నది. ఆస్ట్రేలియాలోని ప్లాటిపస్‌కు ముంగాళ్ల పొర గోళ్లను దాటి ముందుకు సాగి ఉంటుంది. ఒడ్డున నడిచేటప్పుడు ఆ భాగాన్ని అది లోపలికి మడుచుకుంటుంది.

పొర ఉన్నంతమాత్రాన దానితోనే ఈదవలెనన్న నియమమూ లేదు. మొసలి వెనుక కాళ్లకు పొర ఉన్నా వేగంగా పోయేటప్పుడు అది కాళ్లను ఒంటికి అణచిపెట్టుకొని తోకతో ఈదుతుంది. పెంగ్విన్ పక్షి రెక్కలతో ఈదుతుంది. దాని జాలపాదాలు చుక్కాని పనిచేస్తవి.

నీటితో సంబంధమే లేని పొరలు కూడా ఉన్నవి. ఆఫ్రికాలోని నమీబ్ ఎడారిలో ఒక బల్లికి వ్రేళ్ల మధ్య పొర ఉన్నది. వదులు ఇసుకమీద దిగబడకుండా నడవడానికీ, ఇసుకను తవ్వడానికీ అది ఉపయోగపడుతుంది. బోర్నియో అడవుల్లో ఒక చెట్టుకప్ప నాలుగు పాదాల పొరలనూ విప్పి చెట్టుమీదనుంచి గాలిలో జారుతూ దిగుతుంది. ఆల్ఫ్రెడ్ రస్సెల్ వాలెస్ 1869లో ప్రచురించిన తన యాత్రాగ్రంథంలో దానిని వర్ణించినాడు. మన పడమటి కనుమల్లో కూడా అటువంటి ఎగిరే కప్ప ఒకటి ఉన్నది. గబ్బిలపు రెక్క అయితే బాగా పొడుగైన చేతివ్రేళ్ల మధ్య సాగిన పొరే తప్ప మరొకటి కాదు.

అందరూ ఒక కుటుంబమా?

స్వీడన్ దేశపు లిన్నేయస్ 1758లో జంతువులను వర్గీకరించినప్పుడు బాతులను, గూడబాతులను, గల్ పక్షులను, మునుగుడుకోళ్లను ఒకే శ్రేణిలో చేర్చినాడు. పాదం చూచి తెగ నిర్ణయించడంలో ఆయన మన ప్రాచీనుల దారినే నడిచినాడు. కాని పక్షుల ఎముకలను, తరువాత వాటి డి.ఎన్.ఏ.ను పరిశీలించినవారికి కథ వేరుగా కనబడినది. బాతుకు దగ్గరి చుట్టం గల్ పక్షి కాదు. మన పెరటి కోడి. గల్ పక్షి ఉల్లంకి పిట్టల వంశానికి చెందినది. బొల్లికోడికి దగ్గరి చుట్టం జంబుకోడి, కొంచెం దూరపు చుట్టం సారసపక్షి.

అన్నిటికంటె ఆశ్చర్యకరమైన సంబంధం 2001లో బయటపడినది. పొడుగు కాళ్లతో పులికాట్ సరస్సులో నడిచే రాజహంసకు, అంటే ఫ్లెమింగోకు, అతి దగ్గరి బంధువులు చెరువుల్లో మునిగే మునుగుడుకోడి జాతులట! ఒకదానికి కర్రలవంటి కాళ్లు, వ్రేళ్ల మధ్య పొర. మరొకదానికి పొట్టి కాళ్లు, వ్రేళ్లకు రెక్కలు. పాదం చూచి ఈ రెండింటిని అక్కచెల్లెళ్లని ఎవరూ అనుకోలేదు.

కనుక జాలపాదం ఒక్క వంశంలో పుట్టి అందరికీ పంచబడినది కాదు. పక్షులలోనే అది వేరువేరు వంశాలలో పలుమార్లు విడివిడిగా వచ్చినది. తాబేళ్లలో, మొసళ్లలో, నీటికుక్కలలో మళ్లీ వచ్చినది. ఇంత చిక్కైన వస్తువు ఇన్నిసార్లు ఎట్లా వచ్చినది? ప్రతిసారీ కొత్తగా కనిపెట్టవలసివస్తే ఇది నమ్మశక్యం కాదు. ఇక్కడనే కోడిగ్రుడ్డు మనకు దారి చూపుతుంది.

గ్రుడ్డులోని రహస్యం

ఏడెనిమిది రోజులు పొదిగిన కోడిగ్రుడ్డును తెరచి అందులోని పిండపు కాలిని భూతద్దంతో చూస్తే అది కోడికాలివలె ఉండదు. అది చిన్న తెడ్డువలె ఉంటుంది. వ్రేళ్ల ఎముకలకు చోటు ఏర్పడుతూ ఉంటుంది కాని వాటి మధ్య కండ నిండి ఉంటుంది. బాతు పిండంలోనూ అంతే. ఎలుక పిండంలోనూ అంతే. తల్లి గర్భంలో ఆరు వారాల వయస్సున్న మనిషి పిండపు చెయ్యి కూడా అటువంటి తెడ్డే. అంటే మనమందరం ఒకప్పుడు జాలపాదులమే.

తరువాత కోడి పిండంలో ఒక విచిత్రం జరుగుతుంది. వ్రేళ్ల మధ్య ఉన్న జీవకణాలు వరుసగా చనిపోతవి. ఇది జబ్బువల్ల, గాయంవల్ల వచ్చే చావు కాదు. పెరుగుదలలో భాగంగా, సమయానికి, చోటు తప్పకుండా జరిగే చావు. చనిపోయిన కణాలను ప్రక్కనున్న కణాలు మింగివేస్తవి. శిల్పి అనవసరమైన రాయిని చెక్కి తీసినట్లు వ్రేళ్లు విడివడతవి. అమెరికా శాస్త్రజ్ఞుడు జాన్ సాండర్స్, ఆయన సహచరులు 1960 ప్రాంతాల్లో కోడిపిండపు రెక్కలలో, కాళ్లలో ఈ మరణాలను వివరంగా పరిశీలించినారు. ఇటువంటి కణమరణానికి 1972లో కెర్, వైలీ, కర్రీ అనే ముగ్గురు శాస్త్రజ్ఞులు 'అపాప్టోసిస్' అని పేరు పెట్టినారు. చెట్టునుంచి ఆకులు రాలడం అని గ్రీకుభాషలో దానికి అర్థం.

బాతు పిండంలో ఈ ఆకులు రాలవు. పొర అంచున కొద్దిగా కణాలు చనిపోయినా మిగిలిన పొర నిలిచిపోతుంది. బాతుపిల్ల పొరతోనే గ్రుడ్డు పగలగొట్టుకొని వస్తుంది. బాతు పాదంలో ప్రత్యేకంగా చేర్చినది ఏదీ లేదు. తీసివేయవలసినదాన్ని తీసివేయకపోవడమే ఉన్నది.

ఎందుకు తీసివేయలేదు? దీనికి కొంత జవాబు 1990 తరువాత దొరికినది. పిండంలో కణాలు ఒకదానికొకటి కబురు పంపుకోవడానికి కొన్ని ప్రోటీన్లను వాడుకుంటవి. వాటిలో బి.ఎం.పి. అనే తెగ ప్రోటీన్లు వ్రేళ్ల మధ్య కణాలకు చావు కబురు అందిస్తవి. 1996లో అమెరికాలో జౌ, నిస్వాండర్ అనేవారు కోడిపిండపు కాలిలో ఆ కబురు వినబడకుండా అడ్డుకొన్నారు. కణాలు చావలేదు, కోడికాలికి బాతుకాలివలె పొర నిలిచినది!

బాతులో మాత్రం ఆ కబురు లేదా? ఉన్నది. 1999లో స్పెయిన్‌కు చెందిన మెరీనో, హుర్లే మొదలైనవారు దీనిని తేల్చినారు. బాతు వ్రేళ్ల మధ్య కూడా బి.ఎం.పి. తయారవుతూనే ఉన్నది. కాని అక్కడ దానితోపాటు 'గ్రెమ్లిన్' అనే మరొక ప్రోటీన్ కూడా తయారవుతున్నది. అది బి.ఎం.పి.ని పట్టుకొని ఆపివేస్తుంది. ఉత్తరం బయలుదేరినది కాని దారిలోనే పట్టుబడినది. వారు గ్రెమ్లిన్‌ను పూసలకు పట్టించి కోడిపిండపు వ్రేళ్ల మధ్య పెట్టగా ఆ కోడికాలికి కూడా పొర మిగిలినది. గబ్బిలపు రెక్కలో పొర నిలవడంలో కూడా గ్రెమ్లిన్‌కు భాగం ఉన్నదని 2006లో తెలిసినది.

ఇప్పుడు మన ప్రశ్నకు జవాబు దొరుకుతున్నది. జాలపాదం పలుమార్లు రావడానికి ప్రతిసారీ కొత్త అవయవం పుట్టనక్కరలేదు. పొర అందరి పిండాలలోనూ ఉన్నది. దానిని తొలగించే పనిని కొంత మందగింపజేసే చిన్న మార్పు కలిగితే చాలు. ఆ మార్పు నీటిలో మేలు చేసినచోట ప్రకృతి వరణం దానిని నిలబెట్టినది. మేలు చేయనిచోట నిలవలేదు.

మనుష్యులలోనూ అప్పుడప్పుడు ఈ తొలగింపు అసంపూర్ణంగా ఉండిపోతుంది. సుమారు రెండు మూడు వేల మందిలో ఒక బిడ్డ రెండు వ్రేళ్లు కలిసి పుడుతుంది. దీనిని శాపమనో, గ్రహణదోషమనో అనుకొని తల్లిని నిందించడం అజ్ఞానం. ఇది పిండదశలో విడివడవలసిన వ్రేళ్లు విడివడకపోవడం మాత్రమే. చాలా సందర్భాలలో శస్త్రవైద్యులు ఆ వ్రేళ్లను విడదీసి చక్కజేయగలరు.

ఇక కప్పల సంగతి వేరు. వాటిలో సాధారణంగా వ్రేళ్ల మధ్య కణాలు చావవు. వ్రేళ్లు పొరకంటె వేగంగా పెరిగి ముందుకు పోతవి. తోకకప్పగా నీటిలో పెరిగే పిండానికి అందే ప్రాణవాయువు తక్కువ కావడం దీనికి ఒక కారణమని 2019లో జపాన్ శాస్త్రజ్ఞులు ప్రయోగాలతో చూపినారు. ప్రాణవాయువు ఎక్కువగా ఉన్న నీటిలో పెంచిన కప్పపిల్లల కాళ్లలో ఆ కణమరణాలు కనబడినవట. అంటే వ్రేళ్లను చెక్కే ఈ ఉలి నేలమీదికి, గాలిలోకి వచ్చిన జీవులకు దొరికిన పనిముట్టు కావచ్చు.

డార్విన్ వేసిన చిక్కుప్రశ్న

ఈ రహస్యం తెలియడానికి నూరేళ్లకు పైగా ముందే, 1859లో ప్రచురించిన 'జాతుల పుట్టుక'లో డార్విన్ జాలపాదాలను తన వాదానికి సాక్ష్యంగా పిలిచినాడు. ప్రతి అవయవమూ ఇప్పటి అవసరంకోసమే తయారైనదని నమ్మేవారిని ఆయన అడిగిన ప్రశ్న ఇది. దక్షిణ అమెరికాలో మెట్టభూముల్లో గడ్డి మేసే బాతుజాతి పక్షులు నీటి దగ్గరకు పోవడం అరుదు, వాటికి జాలపాదాలెందుకు? ఫ్రిగేట్ పక్షి సముద్రంమీద రోజుల తరబడి ఎగురుతుంది కాని నీటిమీద వాలదు. దానికి నాలుగు వ్రేళ్లకూ పొర ఎందుకు? నీటిలోనే బ్రతుకు వెళ్లదీసే బొల్లికోడికి నిండు పొర ఎందుకు లేదు?

జవాబు కూడా ఆయనే చెప్పినాడు. పాదం ఆ పక్షి ఈనాటి అలవాటును మాత్రమే కాదు, దాని పూర్వుల అలవాటును కూడా తెలుపుతుంది. అలవాటు ముందు మారుతుంది. అవయవం వెనుకనుంచి మెల్లగా నడిచివస్తుంది. ఫ్రిగేట్ పక్షి పాదంలో పొర లోతుగా గంటుపడి తరిగిపోతూ ఉండడాన్ని ఆయన చూపినాడు. హవాయి దీవుల్లో లావా గట్లమీద తిరిగే నేనే అనే పక్షి దీనికి మరొక ఉదాహరణ. కెనడా బాతులకు దగ్గరి బంధువైన ఈ పక్షి నీటికి దూరమై నేలకు అలవాటుపడగా దాని వ్రేళ్ల మధ్య పొర బాగా తగ్గిపోయినది. పొర రావడమే కాదు, పోవడం కూడా పరిణామమే.

చలికాలంలో కొల్లేటికిగాని, పులికాట్‌కుగాని పోయేవారు ఈసారి పక్షుల రంగులతోపాటు పాదాలను కూడా చూడవలెను. గూడబాతు నాలుగు వ్రేళ్ల పాదం, బాతు మూడు వ్రేళ్ల పాదం, బొల్లికోడి రెక్కల పాదం, జంబుకోడి విడి వ్రేళ్ల పాదం ఒకే నీటిలో కనబడతవి. అవి ఒకే ప్రశ్నకు నాలుగు రకాల జవాబులు. అంత దూరం పోలేనివారు తమ చేతివ్రేళ్లను చాచి చూచుకోవచ్చు. వ్రేళ్ల మొదట్లో, రెండు వ్రేళ్లు కలిసేచోట, మెత్తని చర్మం కొద్దిగా మిగిలి ఉన్నది. బాతు దాచుకున్నదానిలో మనకు మిగిలిన భాగం అంతే.